వాషింగ్ మెషీన్ డ్రైయర్ తిరగట్లేదా? మెకానిక్‌కి ఫోన్ చేసేముందు ఇవి చూడండి.. ఆ ఒక్క పని మాత్రం చేయొద్దు!

బట్టలు ఉతకడం వరకూ మెషీన్ బాగానే పనిచేస్తుంది. తీరా పిండే టైమ్‌కి డ్రైయర్ మొండికేస్తుంది. వెంటనే మోటారు కాలిపోయిందని కంగారు పడకండి. చాలాసార్లు కారణం చిన్నదే ఉంటుంది. మచిలీపట్నం పక్కన గిలకలదిండి లాంటి తీరప్రాంత ఊళ్లలో అయితే ఉప్పుగాలి కూడా దీనికి తోడవుతుంది. ముందుగా మెషీన్ చేసే శబ్దం వినండి. సగం సమస్య అక్కడే తేలిపోతుంది.

అసలు శబ్దమే రాకపోతే..

ప్లగ్ పాయింట్‌లో కరెంటు ఉందా, ఎంసీబీ పడిపోయిందా చూడండి. ఉతికే టబ్ తిరుగుతూ డ్రైయర్ ఒక్కటే ఆగిపోతే అనుమానం మూత స్విచ్ మీదే. మూత సరిగా పడకపోతే డ్రైయర్‌కి కరెంటు అందదు. మూత గట్టిగా మూసి మళ్లీ టైమర్ తిప్పండి. సముద్రపు గాలికి ఈ స్విచ్ లోపలి రాగి, ఇత్తడి ముక్కలు చిలుం పడతాయి. అలాంటప్పుడు స్విచ్ మార్చాల్సిందే.

'ఊఁ' అని మూలుగుతూ తిరగకపోతే..

సెమీ ఆటోమేటిక్‌లో దీనికి ప్రధానంగా మూడు కారణాలు.

1. చిన్న బట్ట ఇరుక్కోవడం: కర్చీఫ్, సాక్సు లాంటివి డ్రైయర్ టబ్‌కి, బయటి టబ్‌కి మధ్య జారిపోతాయి. బట్టల మీద పెట్టే ప్లాస్టిక్ జల్లెడ మూత వాడకపోతే ఇలా ఎక్కువగా జరుగుతుంది.

2. బ్రేక్ వైరు తెగడం: మూత వేస్తే ఈ వైరు బ్రేక్‌ని వదిలేస్తుంది. తెగితే బ్రేక్ పట్టేసే ఉంటుంది. మూత తీసినప్పుడు టబ్ బిగుసుకుని ఉంటే అది లోపం కాదు, బ్రేక్ పనిచేస్తోందని అర్థం. మూత తీసినా టబ్ ఆగకుండా తిరుగుతుంటేనే ప్రమాదం.

3. కెపాసిటర్ పోవడం: మోటారు మొదట తిరగడానికి ఊపు ఇచ్చేది ఇదే. లో వోల్టేజ్‌లోనూ ఇలాంటి మూలుగే వస్తుంది. కాబట్టి వోల్టేజ్ నిలకడగా ఉన్నప్పుడు ఒకసారి చూడండి. మూలుగుతున్న మెషీన్‌ని అలాగే వదిలేస్తే మాత్రం మోటారు వైండింగ్ నిజంగానే కాలిపోతుంది. వెంటనే ఆపేయాలి.

దడదడలాడి ఆగిపోతే..

బట్టలన్నీ ఒకపక్కకి చేరినట్టే. ఒక్క దుప్పటి వేసినా, లుంగీలు ముడిపడినా ఇదే తంతు. బట్టలు విడదీసి, చుట్టూ సమానంగా సర్దండి. మెషీన్ కాళ్లు నేలకి సమంగా ఆనుతున్నాయో లేదో చూడండి. ఎల్‌జీ మెషీన్లలో 'యూఈ' అని వస్తే ఈ బ్యాలెన్స్ సమస్యే.

టబ్‌లో నీళ్లు నిలిచిపోతే..

నీళ్లు పూర్తిగా పోతేగానీ ఫుల్లీ ఆటోమేటిక్ మెషీన్ స్పిన్ మొదలుపెట్టదు. ఎల్‌జీలో 'ఓఈ' కోడ్ అర్థం ఇదే. డ్రెయిన్ పైపు మడత పడిందా చూడండి. చాలా టాప్ లోడ్ మెషీన్లలో పంపు ఉండదు, నీళ్లు పల్లానికే పోవాలి. కాబట్టి పైపు కిందకి వాలి ఉండాలి. పల్లపు ఊళ్లలో వానాకాలం కాలువ నిండి పైపు మూతి నీళ్లలో మునిగితే, మెషీన్ బాగున్నా స్పిన్ అవ్వదు.

ఫ్రంట్ లోడ్ అయితే కింద మూలన ఉండే ఫిల్టర్ విప్పి శుభ్రం చేయండి. వేటకెళ్లొచ్చిన బట్టల్లో ఇసుక, చేప పొలుసులు, వల దారాలు ఉంటాయి. ఆ బట్టలు బయటే దులిపి, ఒకసారి జాడించి వేస్తే ఫిల్టర్ పూడిపోదు.

ఈ పని మాత్రం చేయొద్దు

మూత స్విచ్ పోయిందని రెండు వైర్లు కలిపేసి మెషీన్ నడపడం కొన్నిచోట్ల మామూలైపోయింది. ఖర్చు తగ్గుతుంది నిజమే. కానీ అప్పుడు మూత తెరిచినా మోటారుకి కరెంటు ఆగదు. డ్రైయర్ నిమిషానికి వెయ్యికి పైగా చుట్లు తిరుగుతుంది. అందులో పిల్లలు చెయ్యి పెడితే? మెకానిక్ అలా చేస్తానన్నా ఒప్పుకోకండి, కొత్త స్విచ్చే వేయించండి.

వెనక ప్లేటు మీరే విప్పకండి. ప్లగ్ తీసేసినా కెపాసిటర్‌లో కరెంటు నిల్వ ఉండొచ్చు. బాడీ ముట్టుకుంటే జిల్లుమంటే వాడకం ఆపేసి ఎర్తింగ్ చూపించండి. తడి నేల మీద చిన్న షాకే ప్రాణం తీస్తుంది. 2024 సెప్టెంబర్‌లో విజయవాడ బుడమేరు వరదలా ఇల్లు మునిగితే, మెషీన్ పైకి ఆరినట్టు కనిపించినా మెకానిక్ చూసేదాకా స్విచ్ వేయకూడదు.

తీరం దగ్గర ఇళ్లలో మెషీన్‌ని గాలి నేరుగా తగిలే వరండాలో కాకుండా లోపల పెట్టుకోండి. వాడాక తడి తుడిచి, మూత కాసేపు తెరిచి ఉంచండి. వారంటీ ఉంటే బయటివాళ్లతో విప్పించొద్దు. కంపెనీ సర్వీసు పట్టించుకోకపోతే బిల్లు దగ్గర పెట్టుకుని జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు.