చలికంటె మంచు చెడ్డది

మాది వీర్నపల్లి. ఒకసారి మా బర్రె ఎదకు వస్తే సూది వేసే ఆయన వచ్చాడు. డబ్బా మూత తీయగానే తెల్లని పొగ లేచింది. అందులోంచి సన్నని పుల్ల తీసి, మాటల్లో పడి కాసేపు చేతిలోనే పట్టుకున్నాడు. గోరువెచ్చని నీళ్ళు అడగనే లేదు. బర్రె కట్టలేదు, మరో 21 రోజులు ఆగవలసి వచ్చింది. పాల పైసలతో నా ఫీజు కట్టే బాపు అడిగాడు: "బిడ్డా, గంత సలిల పెట్టిన జీవం మల్ల ఎట్ల బతుకుతది?" ఆనాడు జవాబు చెప్పలేకపోయాను.

డబ్బాలోనిది ద్రవ నత్రజని. మైనస్ 196 డిగ్రీలు. అక్కడికి క్షేమంగా చేరిన కణం ఏళ్ళ తరబడి చెడదు. ప్రమాదమంతా పోయే దారిలో, వచ్చే దారిలో ఉన్నది. మరీ త్వరగా చల్లబరిస్తే కణం లోపలే మంచు కట్టి పొరలను చీలుస్తుంది. మరీ మెల్లగా అయితే బయటి నీరు గడ్డకట్టి, మిగిలిన ద్రవంలో ఉప్పు పెరిగి, కణంలోని నీటిని లాగేస్తుంది. కరిగించేటప్పుడూ అంతే. మెల్లగా కరిగితే చిన్న మంచు పలుకులు కలిసి పెద్దవవుతాయి. పుల్లను 37 డిగ్రీల నీటిలో 30 సెకండ్లు ముంచేది అందుకే.

ఈ దారిలో తోడు వచ్చేదే రక్షక ద్రవ్యం. 1949లో ఇంగ్లండులో పోల్జ్, స్మిత్, పార్క్స్ అనే శాస్త్రజ్ఞులు గ్లిసరాల్ కలిపి కోడి వీర్యాన్ని కాపాడారు. సీసా చీటీ తారుమారైనందున దొరికిన సంగతి ఇది! గ్లిసరాల్ నీటిని పట్టి ఉంచి మంచును తగ్గిస్తుంది. 1959లో లవ్‌లాక్, బిషప్ డైమిథైల్ సల్ఫాక్సైడును ముందుకు తెచ్చారు.

మరి ఏది ఎన్నుకోవాలి? పశువీర్యానికి సుమారు 6, 7 శాతం గ్లిసరాల్ సరిపోతుంది. కణజాలపు ముక్క సంగతి వేరు. మామిడికాయ ముక్కకు ఉప్పు లోపలిదాకా పట్టడానికి రోజులు పట్టదా? గ్లిసరాల్ కూడా అట్లే మెల్లగా ఇంకుతుంది. డైమిథైల్ సల్ఫాక్సైడ్, ఇథిలీన్ గ్లైకాల్ వేగంగా చేరుతాయి. కాని వెచ్చదనంలో ఎక్కువసేపు ఉంటే అవే విషం. కనుక చల్లని స్థితిలో కొద్దికొద్దిగా కలపాలి, కరిగించాక కొద్దికొద్దిగానే కడగాలి. తోడుగా చక్కెర వేస్తే అది కణం బయటే ఉండి, ముందుగానే కొంత నీటిని లాగుతుంది. ఆ విషం మోతాదు కొంత తగ్గించుకోవచ్చు.

హైదరాబాదులో సి.సి.ఎం.బి. వారి లాకోన్స్‌లో 2018లో జాతీయ వన్యప్రాణి జన్యువనరుల నిధి ఆరంభమైంది. అక్కడ దాచేది అడవి జంతువుల కణాలు, కణజాలాలు. మా బర్రెకు 21 రోజులకు మరో అవకాశం వచ్చింది. అంతరించిపోయే జంతువుకు రాదు.

మిత్రులారా, అన్నిటికీ పనికివచ్చే రక్షక ద్రవ్యం లేదు. ఏ కణం, ఎంత మందం, ఎంత చలి, ఎంతసేపు? ఈ నాలుగూ అడిగినంకనే సీసా మూత తీయాలి. బాపుకు ఇప్పుడు ఇదే నా జవాబు.