పరుగు సరే, ఆగడం మాటేమిటి?
పాత అంబాసిడర్‌కు కొద్ది ఖర్చుతో గట్టి బ్రేకులు. ఆటోనగర్ మేస్త్రీల అనుభవ పాఠాలు

విజయవాడ: పాత కారు కొన్నవారు మొదట రంగు వేయిస్తారు. తర్వాత సీట్లు కుట్టిస్తారు. ఆ పిమ్మట ఇంజను విప్పిస్తారు. బ్రేకుల వంతు వచ్చేసరికి చేతిలో డబ్బు అయిపోతుంది. నడిచే బండిని అందరూ మెచ్చుకుంటారు గానీ, ఆగని బండి మాట ఆపద ముంచుకొచ్చేదాకా ఎవరికీ గుర్తురాదు.

తెనాలికి చెందిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడికి ఈ సంగతి కోటప్పకొండ ఘాట్ రోడ్డు మీద తెలిసివచ్చింది. ఆయన వద్ద ఉన్నది తండ్రి కాలం నాటి 1972 మోడల్ అంబాసిడర్ మార్క్-2. చాలా ఏళ్లు షెడ్డులో పడి ఉన్న బండిని బాగుచేయించి, కుటుంబంతో సహా త్రికోటేశ్వరుని దర్శనానికి బయలుదేరారు. ఎక్కేటప్పుడు ఏ ఇబ్బందీ లేదు. దిగేటప్పుడు పెట్రోలు కలిసివస్తుందని గేరు తీసేసి, బ్రేకు మీద కాలు ఆనించి దించారు. సగం దూరం వచ్చేసరికి కాలిన వాసన. మరో మలుపు తిరిగేసరికి పెడల్ మెత్తబడి, కింది పలకను తాకింది. బండి ఆగలేదు.

వెనుక సీటులో భార్య, కోడలు, ఇద్దరు మనవలు. ఆయన గాభరా పడకుండా బండిని రెండో గేరులోకి దించి, హ్యాండ్ బ్రేకును కొద్దికొద్దిగా లాగుతూ కొండవైపు అంచుకు చేర్చి ఆపారు. అరగంట తర్వాత చూస్తే పెడల్ మళ్లీ మామూలుగానే ఉంది!

మర్నాడే ఆయన విజయవాడ ఆటోనగర్‌కు వచ్చారు. ఈ పాత డ్రమ్ము బ్రేకులు పీకేసి, ముందు చక్రాలకు డిస్క్ బ్రేకులు వేయించాలన్నది ఆయన నిర్ణయం. ఖర్చు మాత్రం పాతిక వేలు దాటకూడదన్నారు. నలభై ఏళ్లుగా అంబాసిడర్ల మీదనే చేయి తిరిగిన మేస్త్రి బండిని జాకీ ఎత్తి, నాలుగు చక్రాలూ విప్పి చూసి చెప్పిన మాట వేరు.

"మాస్టారూ, మీ బ్రేకులు పాతవి కావటం వల్ల చెడలేదు. చూసేవాళ్లు లేక చెడ్డాయి. ముందు ఉన్నవాటిని సరిగ్గా పనిచేయించండి. ఆ తర్వాత కూడా డిస్కులు కావాలంటే అప్పుడు చూద్దాం."

కొండ మీద ఏం జరిగింది?

పెడల్ తొక్కినప్పుడు మాస్టర్ సిలిండరులోని బ్రేక్ ఆయిల్ పైపుల గుండా నాలుగు చక్రాలకూ ఒత్తిడిని చేరవేస్తుంది. ఆ ఒత్తిడికి వీల్ సిలిండర్లు షూలను బయటకు నెట్టి, తిరిగే డ్రమ్ముకు ఒరిపిస్తాయి. బండి వేగమంతా ఆ ఒరిపిడిలో వేడిగా మారుతుంది. దిగుడు మీద బ్రేకు అదేపనిగా తొక్కి ఉంచితే ఆ వేడి బయటకు పోయే వ్యవధి ఉండదు.

బ్రేక్ ఆయిల్‌కు గాలిలోని తేమను పీల్చుకునే గుణం ఉంది. డాట్-3 రకం కొత్త ఆయిల్ 205 డిగ్రీల సెంటీగ్రేడు దాకా మరగకూడదన్నది ప్రమాణం. తేమ పట్టిన తర్వాత అదే ఆయిల్‌కు ప్రమాణం 140 డిగ్రీలే. డాట్-4 రకానికి ఈ అంకెలు 230, 155. మాస్టారి బండిలో ఆయిల్ మార్చి ఎన్నేళ్లయిందో ఎవరికీ తెలియదు. సీసాలోకి తీస్తే కాఫీ డికాక్షన్ రంగులో ఉంది. వీల్ సిలిండర్ల వద్ద అది మరిగి ఆవిరి బుడగలయింది. ఆయిల్‌ను నొక్కితే ఒత్తిడి ముందుకు పోతుంది గానీ, ఆవిరిని నొక్కితే అది నలిగి ఊరుకుంటుంది. అందుకే పెడల్ కిందికి పోయింది. చల్లబడి ఆవిరి మళ్లీ ఆయిల్ కాగానే పెడల్ పైకి వచ్చింది.

గేరు తీసేయటం రెండో తప్పు. గేరులో ఉంటే ఇంజనే బండిని వెనక్కి పట్టి ఉంచేది. పావు లీటరు పెట్రోలైనా మిగలని ఆదాకు నలుగురి ప్రాణాలు పణంగా పెట్టినట్లయింది.

పెడలే చెబుతుంది

విడిభాగాలు కొనేముందు పెడల్ ఏం చెబుతోందో వినాలంటారు మేస్త్రీలు. మొదటిసారి లోతుకు పోయి, రెండోసారి గబగబా తొక్కితే పైకి వస్తే సాధారణంగా షూలకు, డ్రమ్ముకు మధ్య సందు పెరిగినట్లు. బిగిస్తే సరిపోతుంది. స్పాంజి తొక్కినట్లు మెత్తగా ఉంటే పైపుల్లో గాలి చేరినట్లు. కాలు కదపకుండా తొక్కి ఉంచినా పెడల్ నెమ్మదిగా దిగిపోతూ, బయట ఎక్కడా ఆయిల్ కారకపోతే మాస్టర్ సిలిండరు లోపలి రబ్బర్లు అరిగినట్లు. బ్రేకు వేయగానే బండి ఒక పక్కకు లాగితే ఆ పక్క చక్రం బాగా పట్టుకుంటోందనీ, రెండో పక్క చక్రంలో లోపం ఉందనీ అర్థం. ఆ రెండో పక్క వీల్ సిలిండరు బిగుసుకుపోయి ఉండవచ్చు, లైనింగు మీద ఆయిల్ పడి ఉండవచ్చు, లేదా రబ్బరు గొట్టం లోపల ఉబ్బి దారి మూసి ఉండవచ్చు.

మాస్టారి బండిలో ఈ జబ్బులు ఒకటి కాదు, మూడు బయటపడ్డాయి. ముందు కుడి చక్రం వీల్ సిలిండరు కారుతోంది. వెనుక ఎడమ చక్రంలో తుప్పు పట్టి షూలు కదలటం లేదు. రబ్బరు గొట్టాలు వంచి చూస్తే పగుళ్లు. అంటే నాలుగు చక్రాల్లో సవ్యంగా బ్రేకు పడుతున్నవి రెండే!

ఏది ముందు, ఏది వెనుక?

చేతిలో డబ్బు తక్కువైనప్పుడు వరుస ముఖ్యం. ప్రాణం మీదికి తెచ్చేవి ముందు, సౌకర్యానికి వేసుకునేవి తర్వాత.

మొదటి ఖర్చు రబ్బరు గొట్టాలకు, వీల్ సిలిండర్లకు. సిలిండరు లోపల నున్నగా ఉంటే రబ్బరు కప్పుల కిట్టు మారిస్తే చాలు. తుప్పు పట్టి గుంతలు పడితే మాత్రం కిట్టు వేసినా దండగే. నెల తిరక్కుండా మళ్లీ కారుతుంది. అటువంటివి కొత్తవే వేయాలి. మాస్టారి బండికి రెండు సిలిండర్లు కొత్తవి వేశారు, మిగిలినవాటికి కిట్లు మార్చారు. మాస్టర్ సిలిండరుకూ కిట్టు వేశారు. తుప్పు పట్టిన ఇనుప పైపు ఒకటి కొత్తది వంచి అమర్చారు.

రెండో ఖర్చు షూలకు, డ్రమ్ములకు. పాత షూలు తెచ్చి ఇస్తే అరిగిన లైనింగు తీసి, కొత్తది రివెట్లతో బిగించి ఇచ్చేవారు ఆటోనగర్‌లో ఉన్నారు. రివెట్టు తలలు లైనింగు ఉపరితలానికి బాగా లోపల ఉండాలి. పైకి వస్తే డ్రమ్మును గీరేస్తాయి. గీతలు పడిన డ్రమ్మును లేత్ మీద సన్నగా తీయించవచ్చు. అయితే దానికి ఒక హద్దుంది. ఆ హద్దు దాటి పలచబడిన డ్రమ్ము వేడికి పగులుతుంది. కుడివైపు డ్రమ్ము తీయిస్తే ఎడమవైపుదీ అంతే కొలతకు తీయించాలి. షూలయినా అంతే. ఒక ఇరుసుకు రెండు వైపులా ఒకేసారి, ఒకే రకం లైనింగు వేయాలి. లేకుంటే బండి పక్కకు లాగుతుంది.

పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది. డ్రమ్ములోని దుమ్మును గాలిగొట్టంతో ఊదటం చాలాచోట్ల అలవాటు. ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. తడిగుడ్డతో తుడిచి పారేయాలి. కొత్తవి కొనేటప్పుడు ఆస్‌బెస్టాస్ లేనివి అడిగి తీసుకోవాలి.

మూడోది అన్నిటికంటే చవక, అన్నిటికంటే ముఖ్యం: కొత్త బ్రేక్ ఆయిల్. పాతది పూర్తిగా తీసేసి, మాస్టర్ సిలిండరుకు అన్నిటికంటే దూరంగా ఉన్న చక్రం నుంచి మొదలుపెట్టి ఒక్కొక్క చక్రం వద్దా గాలి తీయాలి. ఒకరు పెడల్ తొక్కుతుంటే మరొకరు నిపుల్ వదులు చేసి, పారదర్శకమైన గొట్టంలో బుడగలు ఆగేదాకా వదలాలి. బయటకు వచ్చిన ఆయిల్ మళ్లీ పోయకూడదు. మూత తీసి ఏడాదిగా ఉంచిన డబ్బా ఆయిల్ కూడా పనికిరాదు. ఇంజను ఆయిల్ ఒక్క చుక్క కలిసినా రబ్బర్లు ఉబ్బి మొత్తం పాడవుతుంది. రంగు మీద పడితే వెంటనే నీళ్లతో కడగాలి. మామూలు వాడకంలో రెండేళ్లకోసారి ఆయిల్ మార్చటం మంచిది. బండి షెడ్డులోనే ఉన్నా తేమ పట్టటం ఆగదు.

డిస్కుల సంగతేమిటి?

డిస్క్ బ్రేకు మెరుగైనదే. గాలికి తెరచి ఉంటుంది కనుక త్వరగా చల్లబడుతుంది. నీటిలో తడిసినా త్వరగా తేరుకుంటుంది. తర్వాతి కాలపు అంబాసిడర్లకు ముందు చక్రాలకు డిస్కులు వచ్చాయి. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. తుక్కు కింద విడదీసిన బండ్ల నుంచి ఆ సామాను సంపాదించి పాతవాటికి అమర్చేవారున్నారు.

అయితే డిస్కు ఒక్కటే కొంటే సరిపోదు. డ్రమ్ములో షూ చక్రం తిరిగే దిశలోనే మరింత బిగుసుకుని కొంత బలాన్ని తానే పుట్టిస్తుంది. డిస్కుకు ఆ గుణం లేదు. అందువల్ల కాలి బలం చాలక సర్వో కావలసి వస్తుంది. పెట్రోలు ఇంజనులో సర్వోకు కావలసిన వ్యాక్యూమ్ మానిఫోల్డు నుంచి దొరుకుతుంది. డీజిలు ఇంజనుకు వేరే పంపు ఉండాలి. డ్రమ్ముల కోసం చేసిన మాస్టర్ సిలిండరు సాధారణంగా పైపుల్లో కొంత ఒత్తిడిని నిలిపి ఉంచుతుంది. దాన్నే డిస్కులకు కలిపితే ప్యాడ్లు వదలక ఒరుసుకుంటూ వేడెక్కుతాయి. కనుక మాస్టర్ సిలిండరూ మారాలి. ముందు, వెనుక బ్రేకుల పాళ్లు కుదరకపోతే తడి రోడ్డు మీద వెనుక చక్రాలు బిగుసుకుని బండి గిర్రున తిరుగుతుంది. ఇన్నీ కలిపితే మాస్టారి పాతిక వేలు ఏ మూలకూ రావు. సగం పని చేసి వదిలిన డిస్కు కంటే సరిగ్గా ఉన్న డ్రమ్ము నయం.

చట్టం మాట కూడా ఉంది. 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ వివరాలు తయారీదారు నిర్దేశానికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న బండ్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇచ్చే నిబంధనలు 2021లో వచ్చాయి. దానికి వెళ్లదలచినవారు పెద్ద మార్పులు చేయించేముందు రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవటం మేలు.

డబ్బు మిగిలితే డిస్కుల కంటే ముందు ఆలోచించవలసింది జంట మాస్టర్ సిలిండరు గురించి అంటారు మేస్త్రి. పాత బండ్లలో నాలుగు చక్రాలకూ కలిపి ఆయిల్ దారి ఒక్కటే. ఎక్కడ ఒక్క గొట్టం పగిలినా నాలుగు బ్రేకులూ పోతాయి. అప్పుడు మిగిలేది తీగతో పనిచేసే హ్యాండ్ బ్రేకే. జంట సిలిండరులో దారులు రెండు. ఒకటి పోయినా రెండోది ఆదుకుంటుంది. అంతదాకా హ్యాండ్ బ్రేకు తీగను మాత్రం అశ్రద్ధ చేయరాదు.

అంకెలు చెప్పే సత్యం

గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. కాలు బ్రేకు మీదికి చేరటానికి ఒక సెకను పట్టినా అంత దూరం అప్పటికే గడిచిపోయింది. పొడి రోడ్డు మీద మంచి బ్రేకులతో 30 కిలోమీటర్ల వేగం నుంచి సుమారు 7 మీటర్లలో ఆగే బండికి, 60 నుంచి ఆగటానికి 28 మీటర్లు కావాలి. వేగం రెట్టింపయితే దూరం నాలుగింతలు. 1972లో ఈ బండి ముందు ఎద్దుల బళ్లు, సైకిళ్లు ఉండేవి. ఈనాడు హైవే మీద దాని ముందున్న కార్లు కనురెప్పపాటులో ఆగుతాయి. కాబట్టి ఎంత బాగుచేయించినా పాత బండి తోలేవారు ముందు బండికి ఎడం ఎక్కువ పాటించక తప్పదు.

నాలుగు రోజుల్లో పని పూర్తయింది. తెల్లవారుజామున ఖాళీ రోడ్డు మీద ముందు 20, తర్వాత 40 కిలోమీటర్ల వేగంలో బ్రేకు వేసి చూశారు. బండి ఏ పక్కకూ లాగకుండా నిలిచింది. కొత్త లైనింగు డ్రమ్ముకు కుదురుకునేదాకా మెత్తగా వాడమనీ, కొద్ది రోజుల తర్వాత మరోసారి బిగించుకోవటానికి రమ్మనీ మేస్త్రి చెప్పి పంపారు. లెక్క చూసుకుంటే పాతిక వేలలో కొంత మిగిలింది కూడా.

తర్వాతి కార్తీకమాసంలో మాస్టారు మళ్లీ కోటప్పకొండ ఎక్కారు. దిగేటప్పుడు బండి రెండో గేరులోనే ఉంది. బ్రేకు మలుపుల ముందు మాత్రమే, తొక్కి వదులుతూ వాడారు. వెనుక ఒక కారువాడు తొందరపడి హారను మోగిస్తే పక్కకు తప్పుకుని దారి ఇచ్చారు. కిందికి వచ్చాక దిగి, నాలుగు చక్రాల దగ్గరా వంగి వాసన చూశారు. కాలిన వాసన ఎక్కడా లేదు. మనవలు అప్పటికే చెరకు రసం బండి దగ్గరికి పరుగెత్తారు.