కోరుట్ల ఏ జిల్లాలో ఉంది?

2016 అక్టోబర్ 11, దసరా నాడు తెలంగాణలో జిల్లాలు 10 నుంచి 31కి పెరిగాయి. ముందురోజు దాకా కరీంనగర్ జిల్లాలో ఉన్న కోరుట్ల తెల్లారేసరికి జగిత్యాల జిల్లాలోకి వచ్చింది. ఆగస్టు నాటి ముసాయిదాలో చోటు దక్కని సిరిసిల్ల, స్థానికుల ఆందోళనల తర్వాత రాజన్న సిరిసిల్ల జిల్లాగా ఏర్పడింది. మండలాలు 459 నుంచి 584 అయ్యాయి. ఊళ్లు ఎక్కడివక్కడే ఉన్నాయి, మారింది వాటి చిరునామా.

కంప్యూటర్లోని రికార్డులకు ఇలాంటి రోజే అసలు పరీక్ష. కోరుట్లలో ఉండే ప్రతి మనిషి పేరు పక్కనా ‘కరీంనగర్ జిల్లా’ అని విడివిడిగా రాసిపెట్టుకుంటే, ఆ మాటను వేల వరుసల్లో దిద్దాలి. ఒక్క వరుస కంటపడకపోయినా ఆ మనిషి పాత జిల్లాలోనే మిగిలిపోతాడు. పద్ధతిగా కట్టిన డేటాబేస్‌లో మనిషి వరుసలో ఊరి కోడ్ మాత్రమే ఉంటుంది. ఊరి వరుసలో మండలం కోడ్, మండలం వరుసలో జిల్లా కోడ్ ఉంటాయి. కోరుట్ల మండలం వరుసలో జిల్లా కోడ్ ఒక్కటి మారిస్తే చాలు, కింద ఉన్నవాళ్లంతా జగిత్యాల లెక్కలోకి వస్తారు.

ఒక విషయాన్ని ఒక్కచోటే రాయాలన్న ఈ పద్ధతికి పునాది వేసినవాడు ఎడ్గార్ కాడ్. 1923లో ఇంగ్లండ్‌లో పుట్టాడు. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళంలో విమానం నడిపాడు, తర్వాత ఐబీఎంలో చేరాడు. అప్పటి డేటాబేస్‌లలో సమాచారం కొమ్మలు, ఉపకొమ్మలుగా అల్లుకుని ఉండేది. ఏది కావాలన్నా ఏ కొమ్మ పట్టుకుని దిగాలో ప్రోగ్రామ్ రాసేవాడికి ముందే తెలియాలి. అమరిక మారితే ప్రోగ్రామ్ పనికిరాకుండా పోయేది. మెషీన్ లోపలి అమరికతో వాడేవాడికి పని ఉండకూడదని, సమాచారాన్నంతా పట్టికలుగా చూడవచ్చని కాడ్ 1970 జూన్‌లో ఒక పరిశోధన పత్రంలో ప్రతిపాదించాడు.

ఆ పట్టికలను ప్రశ్నలు అడగడానికి 1974లో అదే సంస్థలో డోనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బాయిస్ ఒక భాష తయారు చేశారు. ‘సీక్వెల్’ అన్న దాని మొదటి పేరు అప్పటికే వేరే కంపెనీ ట్రేడ్‌మార్క్ కావడంతో ‘ఎస్‌క్యూఎల్’గా మార్చారు. భాష లోకానికి పరిచయమైన ఏడాదే బాయిస్ చిన్న వయసులో కన్నుమూశాడు. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ అవార్డు వచ్చింది. 1986లో ఎస్‌క్యూఎల్ అమెరికాలో ప్రామాణిక భాషగా గుర్తింపు పొందింది.

ఈ భాషలో ప్రశ్న రాసే కిటికీనే క్వెరీ టూల్ అంటారు. పీజీఅడ్మిన్ లాంటి టూల్ తెరిస్తే ఎడమ పక్కన పట్టికల పేర్లు కనిపిస్తాయి. ప్రశ్న రాసేముందు అక్కడే కాసేపు ఆగాలి. ఏ పట్టికలో ఒక్కో వరుస దేన్ని సూచిస్తోంది? ఆ వరుసను గుర్తుపట్టే ప్రైమరీ కీ ఏది? పక్క పట్టికను చూపించే ఫారిన్ కీ ఏది? పేరును నమ్ముకుంటే కుదరదు. జగిత్యాల, కోరుట్లల స్పెల్లింగ్ ఇంగ్లిష్‌లో తలా ఒక రకంగా రాస్తారు. కేంద్ర పంచాయతీరాజ్ శాఖ లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో ప్రతి జిల్లాకూ మండలానికీ గ్రామానికీ ఒక కోడ్ ఇచ్చింది ఇందుకే.

పట్టికల కట్టడం తెలియకుండా అడిగితే టూల్ తప్పు జవాబును కూడా తడుముకోకుండా ఇస్తుంది. 2016 నాటి 31 జిల్లాల పట్టికను 584 మండలాల పట్టికతో, ఏ కోడ్ దేనితో కలవాలో చెప్పకుండా జోడిస్తే 18,104 వరుసలు వస్తాయి. ప్రతి మండలమూ ప్రతి జిల్లాలోనూ ఉన్నట్టు చూపిస్తుంది.

ఇంకో పొరపాటు అంత తేలిగ్గా బయటపడదు. సిరిసిల్లలో మరమగ్గాన్ని సాంచా అంటారు, వాటిని నడిపించే చిన్న యజమాని ఆసామి. ఆసాములకు ఒక పట్టిక, సాంచాలకు ఒక పట్టిక ఉన్నాయనుకుందాం. ఒక ఆసామికి ఎనిమిది సాంచాలుంటే, రెండు పట్టికలూ కలిపినప్పుడు ఆయన పేరు ఎనిమిది వరుసల్లో వస్తుంది. ఆ వరుసలు లెక్కపెట్టి ‘ఇంతమంది ఆసాములు’ అని రాస్తే ఒక్కడు ఎనిమిది మంది అవుతాడు. ఒక్కో ఆసామి కోడ్‌ను ఒక్కసారే లెక్కించమని ‘డిస్టింక్ట్’ అన్న మాట చేర్చాలి.

కాలం సంగతి ఇంకా చిక్కు. 2011 జనగణనలో జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల మూడూ 534 కోడ్ ఉన్న కరీంనగర్ జిల్లాలోనివే. అప్పటి ఆ జిల్లా జనాభా 37,76,269. ఇప్పటి జగిత్యాల జిల్లాకు 2011లో ఎంత జనాభా ఉండేదో తెలియాలంటే జిల్లాల పట్టిక చాలదు. 2016లో జగిత్యాల నుంచి జగిత్యాల రూరల్, సిరిసిల్ల నుంచి తంగళ్లపల్లి కొత్త మండలాలుగా విడిపోయాయి కాబట్టి పాత మండలాల లెక్కలూ సూటిగా సరిపోవు. గ్రామాల పట్టిక దాకా దిగి, ఒక్కో ఊరి 2011 అంకెనూ ఇప్పటి మండలం కోడ్‌తో జతచేసి, అప్పుడు కూడుకోవాలి.