దూరదర్శినిలో కన్పించిన ఉపగ్రహమేది?

ప్రొద్దుగ్రుంకిన తరువాత దూరదర్శినితో నక్షత్రములను చూచువారికి, నడుమ ఒక వెలుగుచుక్క అడ్డముగా సాగిపోవుట తరచు కన్పించును. అది కృత్రిమోపగ్రహమని ఊహించుట సులభమే. ఏ ఉపగ్రహమో చెప్పుటయే కష్టము. చుక్కకు ఆకారము తెలియదు గదా! కావున దాని నడకయే ఆధారము.

భూమికి 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగు ఉపగ్రహము సెకండుకు సుమారు 7.7 కిలోమీటర్లు పోవును. నడినెత్తిన ఉన్నపుడు సెకండుకు ఒక డిగ్రీకి పైగా, అనగా రెండు పూర్ణచంద్రుల వెడల్పు జరుగును. భూమధ్యరేఖకు పైన 35,786 కిలోమీటర్ల ఎత్తున నిలిపిన ఉపగ్రహము మాత్రము కదలదు. నక్షత్రములే దానిని దాటి పడమటికి పోవుచుండును. చూచిన చోటు, కాలము, ఏ నక్షత్రముల ప్రక్కగా ఏ దిక్కునకు పోయినది వ్రాసికొన్నచో, ప్రకటింపబడుచున్న కక్ష్యల పట్టికలతో గణించి పోల్చవచ్చును. గడియారము పది సెకండ్లు తప్పినచో ఉపగ్రహపు చోటు 77 కిలోమీటర్లు తప్పును. వరుసకట్టి పోవు ఉపగ్రహములలో ఒకదాని పేరు మరొకదానికి పెట్టుటకు ఆ మాత్రము చాలును.

పట్టికలకు ఎక్కనివియు కలవు. 2020 సెప్టెంబరు 17న హవాయి దీవులలోని పాన్‌స్టార్స్ దూరదర్శినికి ఒక చుక్క చిక్కెను. దానిని గ్రహశకలముగా నెంచి 2020 ఎస్‌ఓ అని పేరిడిరి. కాని సూర్యుని చుట్టు దాని త్రోవ ఇంచుమించు భూమి త్రోవవలెనే ఉండెను. పైగా సూర్యకాంతి ఒత్తిడికే అది కొద్దికొద్దిగా తొలగుచుండెను. రాయి అట్లు తొలగదు. డొల్లయైన లోహపు గొట్టము తొలగును. అమెరికా శాస్త్రజ్ఞుడు పాల్ చోడస్ దాని త్రోవను వెనుకకు గణింపగా, 1966 చివర అది భూమి చెంతనే ఉండినట్లు తేలెను. ఆ యేడు సెప్టెంబరు 20న సర్వేయరు-2ను చంద్రునివైపు పంపిన సెంటార్ రాకెట్టు, పని ముగిసి, సూర్యుని చుట్టు తిరుగ నారంభించియుండెను.

అనుమానము బలమైనదే, కాని రుజువు కావలెను. రాకెట్టులను రాళ్లుగా జమకట్టినచో, భూమికి ముప్పు తేగల గ్రహశకలముల లెక్కయే చెడును. అరిజోనా విశ్వవిద్యాలయమునకు చెందిన విష్ణు రెడ్డి బృందము ఆ వస్తువు కాంతిని వర్ణపటముగా విడదీసి, సెంటారును చేసిన స్టెయిన్‌లెస్ ఉక్కు వర్ణపటముతో పోల్చెను. అవి సరిపోలేదు! పరిశోధనాలయములోని ఉక్కు క్రొత్తది. ఆకాశములోనిది 54 ఏండ్లు ఎండకు మాగినది. అంతట వారు, 1971లో ఎగిరి అప్పటికిని భూమి చుట్టు తిరుగుచున్న మరొక సెంటారును వెదకిపట్టి, దాని కాంతితో పోల్చిరి. ఈసారి రెండును సరిపోయినవి.

2020 నవంబరులో భూమ్యాకర్షణకు చిక్కిన ఆ పాత రాకెట్టు, కొంతకాలము మనకు ఉపగ్రహమైయుండి, 2021 మార్చిలో మరల సూర్యుని చుట్టు తిరుగు త్రోవ పట్టెను.