ఇంజన్ పని చేయించాక కారు అదిరితే: అపోహలు – వాస్తవాలు

ఇంజన్‌ను పూర్తిగా విప్పి, సిలిండర్లకు బోరింగు చేయించి, క్రాంకు షాఫ్టును గ్రైండింగుకు పంపి, కొత్త పిస్టన్లు, రింగులు, బేరింగులు వేసి తిరిగి బిగించిన తరువాత, అంతకుముందు లేని అదురు కారులో మొదలవడం గ్యారేజీలలో తరచుగా ఎదురయ్యే సమస్య. లోపం ఇంజన్ లోపలే ఉందని యజమాని, బయట ఎక్కడో ఉందని మెకానిక్కు వాదించుకుంటారు గాని, ఆ అదురు సెకనుకు ఎన్నిసార్లు వస్తోంది, దేని వేగంతో పాటు పెరుగుతూ తగ్గుతూ ఉంది అన్న విషయం చాలా సందర్భాలలో పరిశీలనకే రాదు. కారులో తిరిగే ప్రతి భాగానికీ తనదైన వేగం ఉంటుంది. అది పుట్టించే కంపనం ఆ వేగానికే కట్టుబడి ఉంటుంది. ఈ సూత్రం తెలిస్తే, ప్రచారంలో ఉన్న అపోహలలో చాలావరకు వాటంతటవే తొలగిపోతాయి.

అపోహ 1: ఇంజన్ పని తరువాత మొదలైన అదురుకు కారణం ఇంజన్ లోపలే ఉంటుంది.

వాస్తవం: ఇంజన్‌ను దించాలంటే మౌంటింగులు, సైలెన్సరు గొట్టం, క్లచ్, డ్రైవ్ షాఫ్టులు, వెనుక చక్రాలకు శక్తి అందే బండ్లలో ప్రొపెల్లర్ షాఫ్టు విప్పవలసి వస్తుంది కనుక, తిరిగి బిగించేటప్పుడు వీటిలో దేనిలో తేడా వచ్చినా అదురు పుట్టవచ్చు. కాబట్టి మొదట కారును నిలిపి ఉంచి, న్యూట్రల్‌లో ఇంజన్ వేగాన్ని నెమ్మదిగా పెంచి చూడాలి. అప్పుడూ అదురు వస్తే కారణం ఇంజన్, క్లచ్, మౌంటింగుల పరిధిలో ఉందని అర్థం. ఆ స్థితిలో క్లచ్ పెడల్ తొక్కితే క్లచ్ ప్లేటు, గేరుబాక్సు ఇన్‌పుట్ షాఫ్టు ఇంజన్ నుంచి విడిపోయి నెమ్మదిస్తాయి గాని, ఫ్లైవీల్, దానికి బిగించిన ప్రెషర్ ప్లేటు ఇంజన్‌తో పాటు తిరుగుతూనే ఉంటాయి. పెడల్ తొక్కినా అదురులో మార్పు లేకపోతే అనుమానితుల జాబితా నుంచి క్లచ్ ప్లేటును తీసివేయవచ్చు.

నిలిచి ఉన్నప్పుడు లేని అదురు ప్రయాణంలో వస్తే లెక్క మారుతుంది. సుమారు 1.8 మీటర్ల చుట్టుకొలత గల చక్రం గంటకు 80 కిలోమీటర్ల వేగంలో సెకనుకు 12 సార్లు తిరుగుతుంది. వెనుక యాక్సిల్ నిష్పత్తి 4 అయితే అదే వేగంలో ప్రొపెల్లర్ షాఫ్టు సెకనుకు 49 సార్లు తిరుగుతుంది. ఇంజన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 50 చుట్లు అవుతాయి. చివరి రెండూ దాదాపు సమానం కావడానికి కారణం డైరెక్ట్ గేరులో ఇంజన్, ప్రొపెల్లర్ షాఫ్టు ఒకే వేగంతో తిరగడమే. అందువల్ల అదే రోడ్డు వేగంలో గేరు ఒక మెట్టు తగ్గించి చూడాలి. అదురు తీరు మారకుండా ఉంటే కారణం షాఫ్టు, చక్రాల వైపు, ఇంజన్ వేగంతో పాటు మారితే ఇంజన్ వైపు ఉంటుంది. ప్రొపెల్లర్ షాఫ్టులో జారే కీలును విప్పి, ముందున్న గుర్తు చూడకుండా ఒక్క పన్ను తేడాతో దూర్చినా రెండు చివర్ల యోకులు ఒకే తలంలో ఉండక, షాఫ్టు చుట్టుకు రెండుసార్లు చొప్పున కంపనం వస్తుంది.

అపోహ 2: కొత్త ఇంజన్ కనుక వెయ్యి కిలోమీటర్లు తిరిగితే అదురు అదే సర్దుకుంటుంది.

వాస్తవం: రన్నింగ్-ఇన్ అని పిలిచే తొలి దశలో పిస్టన్ రింగులు సిలిండర్ గోడపై ఉన్న సన్నని గీతలతో ఒరుసుకుని కుదురుకుంటాయి, రాపిడి తగ్గుతుంది, కంప్రెషన్ కొంత పెరుగుతుంది. బరువుల తేడా వల్ల గాని, తప్పుగా బిగించిన మౌంటింగు వల్ల గాని వచ్చే అదురు ఎన్ని కిలోమీటర్లు తిరిగినా తగ్గదు. ఈ అపోహలో ఉన్న కాస్త నిజం ఐడ్లింగుకు సంబంధించినది. బ్యాటరీ తీగలు తీసినప్పుడు చాలా కార్లలో కంట్రోల్ యూనిట్ తాను నేర్చుకుని దాచుకున్న ఐడ్లింగ్ సవరణలను కోల్పోతుంది కనుక, అది మళ్లీ నేర్చుకునే వరకు ఇంజన్ కొద్దిగా తడబడవచ్చు. అదురుతో పాటు టకటకమనే లోహపు శబ్దం, ఆయిల్ ప్రెషర్ తగ్గుదల కనిపిస్తే అది బేరింగు లోపానికి సూచన కావచ్చు. అలాంటప్పుడు సర్దుకుంటుందని ఎదురుచూస్తూ నడపడం క్రాంకు షాఫ్టుకే ప్రమాదం.

అపోహ 3: అదురు వచ్చిందంటే బ్యాలెన్సింగు తప్పిందన్నమాటే.

వాస్తవం: నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో ఒక్కో సిలిండర్ రెండు చుట్లకు ఒకసారి మాత్రమే మండుతుంది. కాబట్టి ఒక సిలిండర్ మాత్రమే బలహీనపడితే, గ్యారేజీ భాషలో మిస్సింగ్ ఉంటే, ఆ కంపనం ఇంజన్ వేగంలో సగానికి వస్తుంది. 800 ఆర్‌పీఎం ఐడ్లింగులో ఇది సెకనుకు ఏడు సార్ల లోపే కనుక, స్టీరింగు, సీటు నెమ్మదిగా ఊగినట్లు అనిపిస్తుంది. బరువుల తేడా వల్ల వచ్చే కంపనం చుట్టుకు ఒకటి చొప్పున ఉండి, ఐడ్లింగులో తెలియకపోయినా వేగం పెరిగేకొద్దీ తీవ్రమవుతుంది. ఐడ్లింగులో ఎక్కువగా ఉండి వేగం పెంచితే తగ్గే అదురు ఉంటే, బ్యాలెన్సింగు కన్నా ముందు ప్లగ్గులు, ఇంజెక్టర్లు, వాల్వు క్లియరెన్సు, మానిఫోల్డ్ గ్యాస్కెట్ దగ్గర గాలి లీకు, టైమింగు బెల్టు గుర్తులు చూడాలి. క్యాము పుల్లీకి 40 పళ్లు ఉంటే, ఒక్క పన్ను తేడా క్రాంకు లెక్కలో 18 డిగ్రీల తప్పు అవుతుంది.

పెట్రోలు ఇంజన్‌లో ఒక్కొక్క ఇంజెక్టర్ కనెక్టరును తీసి చూసినప్పుడు, ఏది తీసినా వేగం పడిపోకుండా ఉంటుందో ఆ సిలిండర్ పని చేయడం లేదని తేలుతుంది. పాత డీజిల్ బండ్లలో ఇంజెక్టర్ పైపు నట్టును వదులు చేసి ఇదే పరీక్ష చేసేవారు. కామన్ రైల్ ఇంజన్‌లో మాత్రం ఈ పని ఎన్నడూ చేయకూడదు, ఎందుకంటే ఆ పైపులలో డీజిల్ ఒత్తిడి 1000 బార్లకు మించగలదు, సన్నని ధార సైతం చర్మంలోకి దూసుకుపోగలదు. పైగా ఇలాంటి చాలా ఇంజన్లలో ప్రతి ఇంజెక్టరుకూ విడి కోడ్ ఉంటుంది. వాటిని సిలిండర్లు మార్చి బిగించి కోడ్ నమోదు చేయకపోతే ఇంధనం ఎక్కువ తక్కువలై ఐడ్లింగులో వణుకు వస్తుంది.

అపోహ 4: ఓవర్‌సైజు పిస్టన్లు వేస్తే అదురు తప్పదు.

వాస్తవం: వరుసగా నాలుగు సిలిండర్లున్న ఇంజన్‌లో రెండు పిస్టన్లు పైకి వెళ్తుంటే రెండు కిందికి వస్తాయి కనుక, నాలుగింటి బరువూ సమానంగా ఉన్నంతవరకు చుట్టుకు ఒకసారి వచ్చే బలాలు పరస్పరం రద్దవుతాయి. 0.50 మిల్లీమీటర్ల ఓవర్‌సైజు వల్ల అన్ని పిస్టన్లూ ఒకేలా కొద్ది గ్రాములు పెరిగితే ఆ సమతూకం చెడదు. చుట్టుకు రెండుసార్లు వచ్చే, ఈ రకం ఇంజన్లలో సహజంగానే ఉండే బలం మాత్రం అతి స్వల్పంగా పెరుగుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి దెబ్బతిన్న ఒక్క పిస్టన్‌ను మాత్రమే వేరే కంపెనీది వేయడం, కనెక్టింగ్ రాడ్లలో ఒకదాన్ని పాత సామాను దుకాణం నుంచి తెచ్చి కలపడం అసలైన ప్రమాదాలు. మూడు సిలిండర్ల ఇంజన్ సంగతి వేరు: దానిలో బలాలు రద్దయినా ఇంజన్‌ను ముందుకూ వెనక్కూ ఊపే మలుపు మిగిలిపోతుంది కనుక, 796 సీసీ మారుతి 800 వంటి బండిలో కొంత వణుకు ఇంజన్ నిర్మాణంలోనే ఉంది, దాన్ని మరమ్మతు లోపంగా లెక్కించరాదు.

అపోహ 5: ప్రతి భాగాన్నీ విడిగా తూకం సరిచేయిస్తే ఇక సమస్య ఉండదు.

వాస్తవం: కొన్ని ఇంజన్లలో ఫ్లైవీల్, ముందు పుల్లీలలో ఉద్దేశపూర్వకంగానే అసమతూకం ఉంచుతారు. ఫోర్డ్ కంపెనీ 1.0 లీటరు ఎకోబూస్ట్ మూడు సిలిండర్ల ఇంజన్‌లో బ్యాలెన్సర్ షాఫ్టు పెట్టకుండా ఈ పద్ధతినే అనుసరించింది. అదే కంపెనీ అమెరికాలో తయారు చేసిన 302 ఘనపుటంగుళాల వీ8 ఇంజన్‌లో మొదట 28 ఔన్సు-అంగుళాల అసమతూకం ఉండగా, 1980ల తొలినాళ్లలో దాన్ని 50కి మార్చారు. పాత ఇంజన్‌కు కొత్త ఫ్లైవీల్ తగిలిస్తే తీవ్రమైన అదురు ఖాయం. అలాంటి భాగాన్ని బ్యాలెన్సింగు యంత్రంపై సున్నాకు తెస్తే సరిచేసినట్లు కాదు, చెడగొట్టినట్లు.

చిన్న తేడా ఎంత పెద్ద బలం అవుతుందో లెక్క చూస్తే తెలుస్తుంది. కేంద్రానికి 10 సెంటీమీటర్ల దూరంలో 20 గ్రాముల బరువు ఎక్కువగా ఉంటే, 3000 ఆర్‌పీఎం దగ్గర అది దాదాపు 20 కిలోల బరువుతో సమానమైన బలంతో ఇంజన్‌ను చుట్టూ లాగుతుంది. వేగం రెట్టింపైతే ఆ బలం నాలుగు రెట్లవుతుంది. గైడ్ పిన్నులు లేకుండా పక్కకు జరిగి కూర్చున్న ప్రెషర్ ప్లేటు ఇలాంటి తేడాకు మంచి ఉదాహరణ. కొన్ని డీజిల్ కార్లలో ఉండే, రెండు భాగాలను స్ప్రింగులతో కలిపిన డ్యూయల్ మాస్ ఫ్లైవీల్‌ను మామూలు ఫ్లైవీల్‌లా లేతుపై చెక్కించడం కూడా కొత్త అదురుకు దారి తీయవచ్చు.

అపోహ 6: గుర్తులు కలిశాయంటే బ్యాలెన్సర్ షాఫ్టులు సరిగ్గా ఉన్నట్లే.

వాస్తవం: నాలుగు సిలిండర్ల ఇంజన్‌లో చుట్టుకు రెండుసార్లు వచ్చే బలాన్ని రద్దు చేయడానికి, క్రాంకు కన్నా రెట్టింపు వేగంతో ఎదురెదురుగా తిరిగే రెండు షాఫ్టులు పెట్టే పద్ధతిని బ్రిటిష్ ఇంజనీరు ఫ్రెడరిక్ లాంచెస్టర్ 20వ శతాబ్దపు తొలి దశకంలో రూపొందించగా, మిత్సుబిషి 1970ల మధ్యలో దాన్ని కార్లలో విస్తృతంగా వాడుకలోకి తెచ్చింది. ఆ కంపెనీ 4జీ63 ఇంజన్‌లో బయటి పుల్లీ గుర్తు కలిసినా లోపలి షాఫ్టు తప్పు స్థితిలో ఉండే అవకాశం ఉంది. బ్లాకు పక్కనున్న రంధ్రంలో 8 మిల్లీమీటర్ల కడ్డీ దూర్చినప్పుడు అది 60 మిల్లీమీటర్లకు పైగా లోపలికి వెళ్తేనే షాఫ్టు సరైన చోట ఉన్నట్లు. తప్పుగా కూర్చున్న షాఫ్టు, రద్దు చేయవలసిన బలానికి తన బలాన్ని కూడా జోడిస్తుంది.

అపోహ 7: గట్టి మౌంటింగులు వేస్తే అదురు ఆగిపోతుంది.

వాస్తవం: రబ్బరు మౌంటింగుపై కూర్చున్న ఇంజన్‌కు తనదైన సహజ ఊగుడు వేగం ఉంటుంది, ఇంజన్ పుట్టించే కంపనం ఆ వేగానికి దాదాపు 1.4 రెట్లు దాటినప్పుడే మౌంటింగు దాన్ని బాడీకి చేరకుండా అడ్డుకోగలదు. రబ్బరు గట్టిపడేకొద్దీ ఆ సహజ వేగం పెరిగి ఐడ్లింగ్ కంపనానికి దగ్గరవుతుంది కనుక, గట్టి మౌంటింగు ఇంజన్ కదలికను తగ్గించినా కారులోకి వచ్చే అదురును పెంచుతుంది. కొత్త మౌంటింగును మెలి పడిన స్థితిలో బిగించినా ఫలితం అదే. అందువల్ల బోల్టులను వదులుగా ఉంచి, ఇంజన్ బరువు సహజంగా కుదురుకున్న తరువాత నిర్దేశించిన టార్కుకు బిగించాలి. సైలెన్సరు గొట్టం గాని, ఏసీ గొట్టం గాని బాడీకి తాకుతోందేమో అదే సమయంలో చూడాలి.

అపోహ 8: కారణం తెలియాలంటే ఇంజన్‌ను మళ్లీ విప్పవలసిందే.

వాస్తవం: నిలిపి ఉంచి చేసే పరీక్ష, క్లచ్ పరీక్ష, గేరు మార్చి చేసే పరీక్ష, సిలిండర్ల వారీ పరీక్ష, కంప్రెషన్ కొలత, మౌంటింగుల పరిశీలన అన్నీ ఇంజన్ విప్పకుండానే పూర్తవుతాయి. ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటు చూడాలన్నా గేరుబాక్సు దించితే చాలు. చుట్టుకు ఒకసారి వచ్చే కంపనం వేగంతో పాటు పెరుగుతూ, బయటి భాగాలన్నీ సరిగానే ఉన్నాయని తేలినప్పుడు గాని, కంప్రెషన్ తేడా, ఆయిల్‌లో లోహపు పొడి వంటి ఆధారాలు దొరికినప్పుడు గాని ఇంజన్‌ను మళ్లీ తెరవడం న్యాయం. బిగించక ముందే నాలుగు పిస్టన్లు, రాడ్ల బరువులు, ఫ్లైవీల్, ప్రెషర్ ప్లేటుల పాత గుర్తులు ఒక కాగితంపై రాయించుకుంటే, తరువాత అదురు వచ్చినా లోపలి భాగాలను అనుమానించాలా వద్దా అన్నది ఆ కాగితాన్ని బట్టే చాలావరకు తేల్చుకోవచ్చు.