అమ్మకానికి ఆఫర్ లెటర్: కెనడా పీఆర్ చుట్టూ అల్లుకున్న అపోహలు

కెనడా పీఆర్ (శాశ్వత నివాస హోదా) గురించి మన దగ్గర తిరిగే మాటల్లో చాలావాటిని విని వదిలేస్తే నష్టం లేదు. ఒక్క మాట మాత్రం ఇళ్లు గుల్ల చేస్తోంది: ‘ఎల్‌ఎంఐఏ ఉన్న జాబ్ ఆఫర్ ఒకటి పట్టుకో, సీఆర్‌ఎస్ పెరుగుతుంది, ఐటీఏ దానంతటదే వస్తుంది.’ ఎల్‌ఎంఐఏ అంటే విదేశీ ఉద్యోగిని పెట్టుకోవడానికి యజమాని తెచ్చుకునే అనుమతి, సీఆర్‌ఎస్ అంటే అభ్యర్థుల ర్యాంకును తేల్చే స్కోరు, ఐటీఏ అంటే పీఆర్‌కు దరఖాస్తు చేయమనే పిలుపు. పట్టుకోవడమంటే కొనుక్కోవడమని వేరే చెప్పక్కర్లేదు. ధర పదుల వేల డాలర్లలో ఉంటుంది. నెల జీతంలో మిగిల్చి కట్టగల మొత్తం కాదు గనక ప్లాటు అమ్మకానికి పెడతారు, లేకపోతే నూటికి రెండు రూపాయల వడ్డీకి తెస్తారు. సగం ఇప్పుడు, సగం ఐటీఏ వచ్చాక అనే ఒప్పందం చూసి మురిసిపోయేవాళ్లకు, మొదటి సగం చేతిలో పడ్డాక అవతలివాడికి ఇక పనేం మిగిలిందన్న అనుమానం రాదు. ఏసీ గది, గోడ మీద మేపుల్ ఆకు, నోట్లో ‘గ్యారంటీ’ అన్న మాట ఉంటే చాలు, ఇంకే రుజువూ అడగరు.

2025 మార్చి 25 నుంచి, పీఆర్ అభ్యర్థులను ఎంచే ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో జాబ్ ఆఫర్‌కు సీఆర్‌ఎస్ పాయింట్లు లేవు. అంతకుముందు పెద్ద మేనేజర్ పోస్టులకు 200, మిగతా నైపుణ్య ఉద్యోగాలకు 50 ఉండేవి. అప్పటికే ఐటీఏ అందుకున్నవాళ్లను మినహాయించి పూల్‌లో, అంటే ప్రొఫైల్ పెట్టి పిలుపు కోసం ఎదురుచూసేవాళ్ల జాబితాలో ఉన్న అందరి స్కోర్లలోంచీ అవి పోయాయి. ఎందుకు తీసేశారన్నది ఇంకా గమనించాల్సిన సంగతి. 2024 డిసెంబరులో ఈ నిర్ణయం ప్రకటించినప్పుడు అప్పటి ఇమిగ్రేషన్ మంత్రి మార్క్ మిల్లర్ కారణం దాచలేదు: ఎల్‌ఎంఐఏలను కొనాలన్న ఆశకు తావు లేకుండా చేయడం. అంటే మన ఏజెంట్లు ఏ సరుకు అమ్ముతున్నారో సరిగ్గా దాన్ని చూసే నిబంధన మార్చారు. ఒక ప్రభుత్వం పనిగట్టుకుని అంగడి మూయించిన తర్వాత కూడా బేరం సాగుతోందంటే, అమ్మేవాడి తెలివికన్నా కొనేవాడి తొందరనే మెచ్చుకోవాలి. అసలు ఎల్‌ఎంఐఏ అనేది అభ్యర్థి తెచ్చుకునే కాగితం కూడా కాదు. ఈ పనికి స్థానికంగా మనిషి దొరకలేదని యజమాని చూపించి, ఒక్కో పోస్టుకు 1,000 డాలర్ల ఫీజు తానే కట్టి తెచ్చుకోవాలి. ఆ ఫీజును ఉద్యోగి దగ్గర వసూలు చేయకూడదన్నది అక్కడి నిబంధన. ‘ఎల్‌ఎంఐఏ ఇంత’ అని ధర చెప్పినవాడు తన తప్పును తానే ఒప్పుకుంటున్నాడు.

పోనీ, పాయింట్లు ఉన్న రోజుల్లోనైనా ఆ 50 అంత గొప్పవా? లెక్క వేసి చూద్దాం. 29 ఏళ్ల వయసు, పెళ్లి కాలేదు, బీటెక్, ఇక్కడే మూడేళ్ల ఉద్యోగం. ఐఈఎల్‌టీఎస్ జనరల్‌లో లిజనింగ్ 7.5, మిగతా మూడింట్లో 6.5 వస్తే అది కెనడా వాడే భాషా కొలమానం సీఎల్‌బీలో 8. సీఆర్‌ఎస్ 360 అవుతుంది. అదే మనిషి లిజనింగ్‌లో 8, మిగతావాటిలో 7 తెచ్చుకుంటే సీఎల్‌బీ 9, సీఆర్‌ఎస్ 429. ఒక్కో విభాగంలో పెరిగింది అర బ్యాండు, మొత్తం మీద వచ్చింది 69 పాయింట్లు. భాషకు నేరుగా 32 పెరిగితే, చదువుతో కలిపి చూసే లెక్కలో 12, అనుభవంతో కలిపి చూసే లెక్కలో 25 వచ్చి చేరతాయి. ఎంటెక్ ఉన్నవాళ్లకు ఇదే అర బ్యాండు 82 పాయింట్లు తెచ్చిపెడుతుంది. ప్లాటు అమ్మి కొన్నవి 50. మరోసారి పరీక్ష ఫీజు కట్టి, ఒళ్లు వంచి చదివితే వచ్చేవి 69. పైగా ఆ 429కి 50 కలిపినా 479 దాటదు. స్కోరును బట్టి పిలుపులు పంపే డ్రాలలో, 2024లో జరిగిన సాధారణ డ్రాల కటాఫ్ 524 కిందికి దిగలేదు. ఆ ఏప్రిల్‌లో స్టెమ్ కేటగిరీ డ్రా 491 దగ్గర ఆగింది. ఆ 50తో గట్టెక్కినవాళ్లు లేకపోలేదు గానీ, వాళ్లు అప్పటికే గట్టుకు దగ్గర్లో ఉన్నవాళ్లు. దూరంగా ఉన్నవాళ్లకు ఆ కాగితం అప్పుడూ అక్కరకు రాలేదు. ఆఫర్ ఈ నెల, వచ్చే నెల అంటూ గడిపే కాలంలో వయసు పాయింట్లు కరిగిపోతాయన్నది వేరే దెబ్బ. పెళ్లికానివారికి 39వ ఏట 55 ఉండే పాయింట్లు 41కల్లా 39కి పడిపోతాయి.

‘దొంగ కాగితమైతే భయపడాలి, మాది అసలుదే, నంబరుతో సహా ఉంది’ అన్నది దీనికి తరచూ వచ్చే జవాబు. కాగితం అసలుదై ఉద్యోగం ఉత్తదవడమే ఈ వ్యాపారంలోని కిటుకు. యజమాని నిజంగానే ఎల్‌ఎంఐఏ తెస్తాడు. అతని దుకాణంలో సూపర్‌వైజర్ పోస్టు మాత్రం ఉండదు, ఉన్నా ఆ జీతం ఇవ్వడు, ఇచ్చినా వెనక నుంచి తిరిగి తీసుకుంటాడు. ఫోన్ ఇంటర్వ్యూలో అధికారి రెండు ప్రశ్నలు వేస్తే, చేరబోయే కంపెనీ ఏం చేస్తుందో కూడా చెప్పలేక నీళ్లు నమిలే పరిస్థితి. ఐటీలో ‘ఎక్స్‌పీరియన్స్ పెట్టించుకోవడం’ మామూలైపోయిన చోట ఇదీ అలాంటిదే అనిపిస్తుంది కాబోలు. అక్కడ దొరికితే ఒక కంపెనీ తీసేస్తుంది. ఇక్కడ కెనడా ఇమిగ్రేషన్ చట్టం 40వ సెక్షన్ ఉంది: అబద్ధం నేరుగా చెప్పినా, మరొకరి ద్వారా చెప్పించినా, కీలకమైన సంగతి దాచినా ఐదేళ్ల పాటు ఆ దేశానికి అనర్హత, ఆ ఐదేళ్లూ పీఆర్‌కు దరఖాస్తు చేసే వీలు లేదు. పీఆర్ వచ్చాక బయటపడినా దాన్ని వెనక్కి తీసుకోవచ్చు. అమెరికా, బ్రిటన్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లు కెనడాతో వలస సమాచారం పంచుకుంటాయి గనక ‘ఇది కాకపోతే ఆస్ట్రేలియా’ అన్న ధీమా కూడా నిలబడదు.

‘చేసింది ఏజెంటు, నాకేం తెలుసు’ అనేవాళ్లు 2023 నాటి పంజాబ్ విద్యార్థుల ఉదంతం గుర్తు తెచ్చుకోవాలి. ఏజెంటు ఇచ్చిన అడ్మిషన్ లెటర్లు నకిలీవని, వాళ్లు కెనడా వెళ్లి చదువులు ముగించి పీఆర్‌కు దరఖాస్తు చేసుకున్న తర్వాత గానీ తేలలేదు. దేశం విడిచి వెళ్లమని నోటీసులు వచ్చాయి, ధర్నాలు జరిగాయి, నిజంగా మోసపోయినవాళ్లను వేరు చేయడానికి చివరికి ప్రభుత్వం ప్రత్యేక బృందం వేసింది. అంటే తెలియక జరిగిందన్న వాదనకు విలువ ఉంది. కానీ ఎవరి కేసులో వాళ్లు దాన్ని నిరూపించుకోవాలి. చదువు కోసం వెళ్లిన పిల్లలకు ఆ వాదన అతికింది. ఉద్యోగం ఇచ్చే యజమానికి తానే లక్షలు ఎదురిచ్చిన మనిషి అదే వాదన ఏ ముఖంతో చేస్తాడు?

అలాగని జాబ్ ఆఫర్‌కు ఏ విలువా లేదనడం మరో అబద్ధమవుతుంది. కొన్ని ప్రావిన్సుల నామినేషన్ స్ట్రీమ్‌లకు స్థానిక ఉద్యోగం కావాలి. ఆ నామినేషన్ చేతికొస్తే 600 పాయింట్లు. అట్లాంటిక్ ఇమిగ్రేషన్ ప్రోగ్రామ్‌కు అక్కడి గుర్తింపు పొందిన యజమాని ఆఫర్ తప్పనిసరి, దానికి ఎల్‌ఎంఐఏ అవసరమే లేదు. కెనడాలో ఏడాది పనిచేస్తే పెళ్లికానివారికి 40 పాయింట్లు, వాటితోపాటు కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ క్లాసులో చోటు. ‘మా బావమరిదికి ఉద్యోగంతోనే పీఆర్ వచ్చింది’ అని చెప్పేవాళ్లు నిజమే చెబుతుండవచ్చు. ఆయన ఆ ఉద్యోగం చేశాడు. జీతం తీసుకున్నాడు, పన్ను కట్టాడు, ఆ స్లిప్పులు దరఖాస్తుకు జతచేశాడు. ఏజెంటు అమ్మేదానిలో లేనిది ఇదంతా.

దీనికి తమ్ముడి లాంటి అపోహ ఒకటుంది: ‘67 పాయింట్లు ఉంటే పీఆర్‌కు ఎలిజిబుల్.’ ఉచిత అసెస్‌మెంట్ అని పిలిచి, కంప్యూటర్ తెర మీద 68 చూపించి, కంగ్రాచ్యులేషన్స్ చెప్పి, అదే ఊపులో అడ్వాన్సు తీసుకుంటారు. పైన చెప్పిన బీటెక్ మనిషికి సీఎల్‌బీ 9 వస్తే డిగ్రీకి 21, భాషకు 24, వయసుకు 12, అనుభవానికి 11, మొత్తం సరిగ్గా 68 వస్తాయి. ఆ 68 వందకు, ఫెడరల్ స్కిల్డ్ వర్కర్ కింద పూల్‌లో అడుగుపెట్టడానికి. పిలుపు వచ్చేది 1,200కు వేసే సీఆర్‌ఎస్‌ను బట్టి, అక్కడ ఆ మనిషి స్కోరు 429. ఎంసెట్‌లో క్వాలిఫై అయిన ప్రతివాడికీ కోరిన కాలేజీలో సీటు రాదని తెలిసిన రాష్ట్రాల్లో ఈ తేడా విడమర్చి చెప్పాల్సి రావడం విడ్డూరం. ఇక 2025 పొడవునా ఎవరైనా పోటీ పడగల సాధారణ డ్రా జరగనేలేదు. కెనడా అనుభవం ఉన్నవాళ్లకు, ప్రావిన్స్ నామినేషన్ ఉన్నవాళ్లకు, ఫ్రెంచ్ వచ్చినవాళ్లకు, వైద్యం వంటి కొన్ని వృత్తులవాళ్లకే పిలుపులు వెళ్లాయి. ఆ మాట చెబితే అడ్వాన్సు రాదు కాబట్టి చెప్పరు.

మిగతావాటికి ఒక్కో వాక్యం చాలు. ‘ఒకసారి కటాఫ్ 75కు దిగింది, మళ్లీ దిగుతుంది’: 2021 ఫిబ్రవరి 13న 27,332 మందిని పిలిచిన ఆ డ్రా కోవిడ్ కాలంలో కెనడా అనుభవం ఉన్నవాళ్లకు పెట్టింది, మనకు కాదు. ‘వాళ్లకు జనం కావాలి, ఎవరొచ్చినా తీసుకుంటారు’: 2025 సంవత్సరానికి మొదట అనుకున్న 5 లక్షల పీఆర్‌లను 3,95,000కు కోసేశారు. ‘ఐఈఎల్‌టీఎస్ లేకుండా పీఆర్’: సెల్పిప్ రాయొచ్చు, పీటీఈ కోర్ రాయొచ్చు, ఏదీ రాయకుండా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ లేదు. ‘బ్యాంకులో చూపించడానికి వారం రోజులు అప్పు తెస్తే సరి’: అప్పు డబ్బు లెక్కలోకి రాదు, ఆరు నెలల సగటు నిల్వ అడుగుతారు. ‘పీఆర్ వచ్చాక ఇక్కడే ఉండొచ్చు’: ఐదేళ్లలో 730 రోజులు అక్కడ ఉండకపోతే హోదా నిలవడం కష్టం.

ఒక్క ఫ్రెంచ్ విషయంలో మాత్రం కోచింగ్ సెంటర్ల మాట ఎంతో కొంత ఒప్పుకోక తప్పదు. ‘ఫ్రెంచ్ నేర్చుకుంటే పీఆర్’ అన్న పోస్టర్ చూసి నవ్వొచ్చే మాట నిజమే. కానీ 2025 మార్చి 21న ఫ్రెంచ్ కేటగిరీలో 7,500 మందిని పిలిచినప్పుడు కటాఫ్ 379. మన 429 మనిషి ఆ రోజు ఫ్రెంచ్‌లో అర్హత చూపించగలిగి ఉంటే ఏ ఏజెంటు గడపా తొక్కకుండా ఐటీఏ అందుకునేవాడు. పోస్టర్ దాచేది ఏమిటంటే, ఆ అర్హత నాలుగు విభాగాల్లోనూ ఫ్రెంచ్‌కు వాడే కొలమానం ఎన్‌సీఎల్‌సీలో 7, మూడు నెలల్లో వచ్చే బోంజూర్ మెర్సీల చదువు కాదు. ఉద్యోగం చేసుకుంటూ మొదలుపెట్టేవాళ్లు ఏడాదికి పైనే పడుతుందనుకుని దిగాలి. అయినా ఆఫర్ లెటర్‌కు పోసే సొమ్ములో చిన్న ముక్కతో అయిపోయే పని, మనిషి చేతిలో ఉన్న పని.

ఖర్చు కూడా తెలుసుకుని కూర్చోండి. ప్రొఫైల్ పెట్టడం ఉచితం. ఐటీఏ తర్వాత కట్టే ప్రభుత్వ ఫీజు 2024 ఏప్రిల్ చివర్లో పెంచినప్పుడు పెద్దవాళ్లకు తలకు 1,525 డాలర్లు అయింది, అంటే దాదాపు లక్ష రూపాయలు. దరఖాస్తు ఎవరికి వాళ్లే పెట్టుకోవచ్చు. సాయం కావాలంటే డబ్బు తీసుకునే హక్కు కెనడా న్యాయవాదులకు, అక్కడి ఇమిగ్రేషన్ కన్సల్టెంట్ల కాలేజ్ లైసెన్సు ఉన్నవాళ్లకు, మరికొద్ది మందికి మాత్రమే ఉంది. ఆ కాలేజ్ వెబ్‌సైట్‌లో పేరు కొట్టి చూడటానికి ఐదు నిమిషాలు పట్టదు. ‘ఫారంలో మా పేరు రాయొద్దు, మీరే పెట్టుకున్నట్టు చూపిద్దాం’ అన్నవాడి దగ్గర్నుంచి వెంటనే లేచి రండి. లైసెన్సు లేదని ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పరు. ఉద్యోగం ఇప్పిస్తామనేవాళ్లకైతే మన దేశంలోనే 1983 ఎమిగ్రేషన్ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉండాలి, సర్వీసు చార్జీ 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ మించకూడదు. ఈమైగ్రేట్ పోర్టల్‌లో ఆ జాబితా కనిపిస్తుంది. లాగిన్, పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి, సబ్మిట్ నొక్కే ముందు ప్రతి పేజీ చదవండి, ఎందుకంటే సంతకం మీది. ఇప్పటికే డబ్బు కట్టినవాళ్లు మొదట చేయాల్సింది ప్రొఫైల్‌లోంచి ఆ ఆఫర్ తీసేయడం. ఐటీఏ రాకముందు అది ఒక్క క్లిక్కు పని. దరఖాస్తు వెళ్లిపోయి ఉంటే మరో ఏజెంటు దగ్గరికి కాకుండా లైసెన్సు ఉన్న ఇమిగ్రేషన్ లాయరు దగ్గరికి వెళ్లండి. డబ్బు వెనక్కి రాబట్టే ప్రయత్నానికి రసీదులు, వాట్సాప్ సందేశాలు, బ్యాంకు వివరాలతో పోలీసు ఫిర్యాదు ఇవ్వండి, కాపీ ఒకటి ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయానికి పంపండి.