బోస్టన్ వాకిట ఇసుక దిబ్బ

మసాచుసెట్స్ తీరానికి ఉత్తరాన కేప్ ఆన్, దక్షిణాన కొక్కెంలా వంగిన కేప్ కాడ్. ఆ రెంటి నడుమ, బోస్టన్‌కు తూర్పున, నీళ్ల అడుగున ఓ పెద్ద ఇసుక దిబ్బ ఉంది. పేరు స్టెల్‌వాగన్ బ్యాంక్. మంచుయుగం చివర్లో హిమానీనదాలు వదిలేసి పోయిన ఇసుక, గులకరాళ్ల పోగు అది. 1850లలో హెన్రీ స్టెల్‌వాగన్ అనే అమెరికా నౌకాదళ అధికారి లోతులు కొలిచి చార్టుకెక్కించాడు. 1992లో ప్రభుత్వం దీన్ని జాతీయ సముద్ర అభయారణ్యంగా ప్రకటించింది. 1898 నవంబరు తుపానులో ప్రయాణికులందరితోనూ మునిగిపోయిన పోర్ట్‌లాండ్ స్టీమరు కూడా ఈ అభయారణ్యం అడుగునే ఉంది.

లోతునీటి ప్రవాహాలు దిబ్బకు తగిలి పైకి లేస్తాయి. వాటితోపాటు పోషకాలూ వస్తాయి. ఇసుకలో దూరి బతికే సాండ్ లాన్స్ అనే సన్నటి చేపలకు ఇది స్వర్గం. వాటి కోసం చలికాలం కరీబియన్‌లో గడిపిన హంప్‌బ్యాక్ తిమింగలాలు వసంతానికల్లా ఇక్కడికి చేరతాయి. బోస్టన్ శివార్లలో ఉంటున్న మనవాళ్లలో వేసవిలో పడవెక్కి వీటిని చూసొచ్చినవాళ్లు తక్కువేం కాదు.

చిక్కల్లా బోస్టన్ రేవుకు దారి కూడా ఈ దిబ్బ మీదుగానే ఉండటం. కంటైనర్ ఓడలు, చమురు ట్యాంకర్లు, ఎవరెట్ టెర్మినల్‌కు ఎల్‌ఎన్‌జీ మోసుకొచ్చే ఓడలు అన్నీ ఇటే. వచ్చేవాటికి ఒక బాట, పోయేవాటికి మరొకటి, మధ్యలో డివైడర్‌లాంటి ఖాళీ. తిమింగలాలు ఎక్కువగా మేసే చోటే ఆ బాటలు దిబ్బను దాటేవి. నీటి పైపొరలో నోరు తెరుచుకుని మెల్లగా మేసే రైట్ వేల్ అనే తిమింగలానికి వీపు మీద రెక్క ఉండదు కాబట్టి దూరం నుంచి ఆనదు. కనబడ్డా పెద్ద ఓడకు చప్పున ఆగడం చేతకాదు. ఉత్తర అట్లాంటిక్‌లో ఈ జాతి నాలుగు వందలకు లోపే మిగిలింది.

తిమింగలాలను చూపించే పడవల్లోని ప్రకృతి శాస్త్రజ్ఞులు పాతికేళ్లుగా ఏది ఎక్కడ కనిపించిందో రాసిపెడుతూ వచ్చారు. ఆ లెక్కలను సముద్రగర్భం మ్యాపు మీద పరిస్తే విషయం తేటపడింది. ఇసుక ఉన్నచోట చేప, చేప ఉన్నచోట తిమింగలం. కాస్త ఉత్తరానికి జరిగితే ఇసుకా తక్కువే, తిమింగలాలూ తక్కువే. అంతర్జాతీయ సముద్ర సంస్థ ఆమోదంతో 2007 జులై 1 నుంచి బాట సుమారు 12 డిగ్రీలు ఉత్తరానికి తిరిగింది. రైట్ వేల్స్‌ను ఓడలు ఢీకొట్టే ముప్పు 58 శాతం, నోటి జల్లెడతో మేసే బలీన్ తిమింగలాలన్నిటికీ కలిపి 81 శాతం తగ్గుతుందని అంచనా. ఓడకు పెరిగిన దూరం దాదాపు నాలుగు నాటికల్ మైళ్లు.

ఆ దూరానికి సర్దుకున్న షిప్పింగ్ పరిశ్రమే వేగం మాటెత్తేసరికి భగ్గుమంది. 65 అడుగులు, అంతకుమించి పొడవున్న నౌకలు కొన్ని కాలాల్లో, కొన్ని ప్రాంతాల్లో 10 నాట్ల (గంటకు 10 నాటికల్ మైళ్ల) వేగం దాటకూడదన్న నిబంధనను 2006లో ప్రభుత్వం ప్రతిపాదిస్తే, అమలయ్యేసరికి 2008 డిసెంబరు వచ్చింది. కంపెనీల బాధ బొత్తిగా బూటకమని నేననను. బెర్తు, పైలట్, సరుకు దించే కూలీలు అన్నీ గంట లెక్కన ముందే కుదుర్చుకోవాలి. ఒక రేవులో ఆలస్యం తర్వాతి రేవులన్నిటికీ పాకుతుంది. దారి ఒకసారి మారితే షెడ్యూలు సర్దుకుంటుంది, వేగం తగ్గితే ప్రతి ట్రిప్పులోనూ లెక్కలు మొదటికొస్తాయి.

2010లో ఒబామా జాతీయ సముద్ర విధానం తెచ్చాక, న్యూ ఇంగ్లండ్ రాష్ట్రాలు, ఆదివాసీ తెగలు, కేంద్ర శాఖలు సముద్ర వాడకంపై ప్రణాళిక వేయడానికి ఒక మండలిగా కూర్చున్నాయి. 2016 చివర్లో ఈశాన్య సముద్ర ప్రణాళిక ఆమోదం పొందింది. మండలిలో షిప్పింగ్ కంపెనీలకు సభ్యత్వం లేదు, అభిప్రాయాలు చెప్పుకోవడమే. ఓడల ఆటోమేటిక్ గుర్తింపు సంకేతాలను ఆన్‌లైన్ మ్యాపుకెక్కించారు. దాంతో గాలిమరలు నిలపాలనుకునేవాళ్లకు ఖాళీగా తోచే నీళ్లలో కూడా రాకపోకల చారలు తేలాయి. నన్నడిగితే ప్రణాళిక పత్రం కన్నా ఆ మ్యాపే షిప్పింగ్‌కు పెద్ద మేలు చేసింది.

2018లో ట్రంప్ ఉత్తర్వుతో ఆ విధానం రద్దయింది. బోస్టన్ బాట మాత్రం చెక్కుచెదరలేదు. అది ప్రణాళికకు ముందే, అంతర్జాతీయ ఆమోదంతో, నావిగేషన్ చార్టులకెక్కిన గీత.

అయితే ఆ గీత బలమంతా కదలని ఇసుకది. రైట్ వేల్స్ ఆహారం సాండ్ లాన్స్ కాదు, కోపెపాడ్లనే బుల్లి జలచరాలు. నీరు వేడెక్కేకొద్దీ అవి చోటు మారుస్తున్నాయి, వెనకే తిమింగలాలూ కదులుతున్నాయి. 2017లో కెనడా జలాల్లోనే 12 రైట్ వేల్స్ చనిపోయాయి, కొన్ని ఓడల దెబ్బకు, కొన్ని వలతాళ్లలో చిక్కుకుని. ఏ ఏడు ఎక్కడ మేస్తాయో తెలియని జంతువు కోసం ఓడల బాటను ఏటా జరపలేరు. కెనడా ఆ ఆగస్టులో సెయింట్ లారెన్స్ సింధుశాఖలో పెద్ద ఓడలకు పెట్టింది మళ్లీ ఆ 10 నాట్ల పరిమితే.